ఆకుల దుప్పటి

"ఎవడ్రా నువ్వు? నా మొక్కలు పీకేస్తున్నావేంటి?"

అప్పటికి నాలుగు పీకాను. ఐదోదాని మొదట్లో రెండు చేతులూ పెట్టి కూర్చుని ఉన్నాను. తలతిప్పి చూస్తే మంచులోంచి ఒక గొడుగు, గొడుగు కింద ఒక అమ్మాయి, ఆ అమ్మాయి చేతిలో కొడవలి. కొడవలి చూశాక మర్యాద దానంతటదే వచ్చేసింది.

"పీకట్లేదండీ. పైకి లేపుతున్నాను."

"రెండింటికీ తేడా ఏంటో?"

"పీకితే చస్తాయి. ఇలాగే వదిలేసినా చస్తాయి. లేపితే బతికే అవకాశం ఉంది."

"నర్సరీవాడివా?"

"అవును. పేరు ఐతరాజ్. నిన్న నేను ఊళ్ళో లేనప్పుడు మా వాచర్ మీకు పదకొండు మొక్కలిచ్చాడట. ఎక్కడ నాటుతారని ఒక్క ముక్క అడగలేదు. కొండచరియ పడ్డచోట నాటారని టీ కొట్లో తెలిసి పరిగెత్తుకొచ్చా."

"ఐతరాజ్ అంటే ఆదివారం పుట్టావన్నమాట." మా కొండల్లో ఆదివారం పుట్టిన ప్రతి మగపిల్లాడికీ ఈ గతి తప్పదు. "ఆదివారం పుట్టినవాడికి మంగళవారం పొద్దున్నే నా మొక్కలతో ఏం పని?"

వాన చినుకులు మళ్ళీ మొదలయ్యాయి. ఆమె గొడుగు నాకేమీ పట్టలేదు. మొక్కకి పట్టింది. అప్పుడే కొంచెం నచ్చింది, అబద్ధమెందుకు.

"మీరు వీటిని మెడ దాకా పాతారు," అన్నాను.

"గాలికి పడిపోకుండా."

"ఇది మొక్కజొన్న కాదండీ, గురాస్, ఎర్రపూల కొండచెట్టు. దీని వేర్లు చాపలాగా పైపైనే పరుచుకుంటాయి. కుండీలో మట్టి ఎంత ఎత్తులో ఉందో, నేలమీద అంతకన్నా ఒక వేలు ఎత్తులో ఉండాలి. అంత మట్టి మీద పడేస్తే కింద ఊపిరాడదు. ఊపిరాడక కుళ్ళి చస్తుంది."

ఆమె మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. కొడవలి కింద పడేసి అక్కడే చతికిలబడింది. గొడుగు వాలిపోయింది. నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. తిట్టుంటే బాగుండేది.

తర్వాత గొడుగు మడిచి పక్కన పెట్టి, "మిగతావి ఎలా లేపాలో చూపించు," అంది.

ఇద్దరం కలిసి ఏడు మొక్కలు లేపాం. ఒక్కోదాని కింద మట్టి గుట్టలా పోసి, నీళ్ళు నిలవకుండా పల్లం వైపు కాలవ తీశాం. ఆ గంటలో ఆమె నన్ను అడిగిందల్లా ఒకటే.

"పూలెప్పుడు పూస్తాయి?"

"బాగా చూసుకుంటే పదేళ్ళకి."

"పదేళ్ళూ ఇలాగే వచ్చి పీకుతుంటావా?"

"అవసరమైతే వస్తా."

ఆమె నవ్వలేదు. నేనే నవ్వి, బాగోక ఆపేశాను.

తిరిగొస్తూ టీ కొట్లో ఆగితే కొట్టాయన సంగతంతా చెప్పాడు. ఆమె పేరు జునేలీ. ఆషాఢంలో ఎడతెరిపి లేని వానలప్పుడు ఆమె తమ్ముడు సంచమాన్ దూడని వెతుక్కుంటూ ఆ వాలుకి వెళ్ళాడు. కొండ జారింది. పన్నెండు రోజులు ఊరంతా తవ్వింది. వాడు బుట్ట మోసేటప్పుడు నుదుటికి తగిలించుకునే పట్టీ ఒక్కటే దొరికింది. ఇరవై రెండేళ్ళవాడు.

నేను అరగంట ముందు ఆ మట్టి మీద కూర్చుని, ఊపిరాడక చస్తుందని ఆ పిల్లకి పాఠం చెప్పొచ్చాను. నా నాలుక కోసుకున్నా పాపం లేదనిపించింది. టీ తాగలేకపోయాను.

ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళేవాణ్ణి. నర్సరీకి సెలవు. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ ఎవరూ అనలేదు. రిజిస్టర్‌లో మాత్రం "రోడోడెండ్రాన్, తనిఖీ" అని గురాస్ ఇంగ్లీషు పేరే రాసుకునేవాణ్ణి. అంత పెద్ద పేరు రాస్తే ఎవరూ ఎదురు అడగరు.

"గడ్డి పార పెట్టి తీయకు. వేర్లు తెగుతాయి. చేత్తో పీకు."

"చిత్తం, ఆదివారం." ఆమె నన్ను అలాగే పిలిచేది.

"నీళ్ళు రోజూ పోయకు. మట్టిలో వేలు పెట్టి చూడు. తడి తగిలితే వదిలెయ్."

"అందరికీ ఇన్ని చెప్తావా, లేక నాకేనా?"

"మిగతావాళ్ళు కొడవలి పట్టుకుని నిలబడరుగా."

అప్పుడప్పుడూ పెదవి చివర చిన్నగా కదిలేది. ఆ కదలిక కోసం రెండు గంటలు కొండెక్కేవాణ్ణి. గాలి కొట్టకుండా పశ్చిమం వైపు వెదురు తడిక కట్టాం. కట్టేటప్పుడు తాడు అటు నుంచి ఆమె, ఇటు నుంచి నేను లాగేవాళ్ళం. నేను గట్టిగా లాగేవాణ్ణి కాదు. ముడి తొందరగా పడిపోతే ఇంటికెళ్ళాల్సొస్తుందిగా.

వాళ్ళమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని మమ్మల్నే చూస్తుండేది. పలకరిస్తే తల ఊపేది. మనిషి సన్నగా, రంగు పోయిన బట్టలా ఉండేది. ఆమె ఉప్పు ముట్టడం మానేసి మూడు నెలలైందని జునేలీ ఒకరోజు చెప్పింది.

మాలో ఇంట్లో మనిషి పోతే దినాలు తీరేదాకా ఉప్పు తినం. చివరి రోజున పెద్దవాళ్ళు నాలుక మీద ఉప్పు పెడతారు, అక్కడితో ఏడుపు ముగించాలి. వాళ్ళమ్మ మాత్రం, శవమే దొరకనప్పుడు దినాలెక్కడ మొదలయ్యాయి అంది. పెద్దలు వచ్చి చెప్పినా వినలేదు. ఉప్పు లేని ఉడికించిన దుంపలు, ఉప్పు లేని జావ. రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది.

"మొక్కలు నాటుతానని నేనంటే ఒక్కమాట అంది," జునేలీ చెప్పింది. "అక్కడ ఒక్క మొక్క కొత్త చిగురేస్తే, వాడు అక్కడే ఉన్నాడని నమ్ముతాను, అప్పుడు ఉప్పు ముడతాను అని. అందుకే మంగళవారం నిన్ను నరికేద్దామనుకున్నా."

"ఒక్కటైనా పట్టుకుంటుంది," అన్నాను.

"మాటివ్వకు. కొండకి మాటలు తెలీవు."

కార్తీకంలో బజారు మైదానంలో వరినాట్యం పెట్టారు. మా వాళ్ళ సంగతి తెలిసిందే: కోత అయ్యాక కుర్రాళ్ళూ అమ్మాయిలూ వలయంగా చేతులు పట్టుకుని పాడుతూ ఆడతారు. చెయ్యి పట్టుకునే ముందు మాత్రం ఒక ప్రశ్న ఉంటుంది, మీది ఏ వంశం అని. ఒకే వంశమైతే అన్నాచెల్లెళ్ళు, అక్కడితో సరి. వేరే వంశమైతే చెయ్యి చాపచ్చు. అందుకే ఒక అమ్మాయి ఆ ప్రశ్న అడిగిందంటే కుర్రాడికి ఆ రాత్రి నిద్రపట్టదు.

"వస్తావా?" అని అడిగాను, నేలకేసి చూస్తూ.

"మా ఇంట్లో ఉప్పు లేదోయ్, ఆదివారం. నేనెళ్ళి చేతులు పట్టుకుని ఆడనా?"

ఆమె గొంతులో కోపం లేదు. అదుంటే తట్టుకునేవాణ్ణి. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాట్యానికి నేనూ వెళ్ళలేదు.

మార్గశిరం మొదట్లో మూడు వారాలు నర్సరీ పని మీద వేరే ఊళ్ళో ఉండిపోయాను. తిరిగొచ్చి చూస్తే మొక్కలు పాలిపోయాయి. ఆకు మధ్యలో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మిగతాదంతా కామెర్లొచ్చిన కన్నులా పసుపు. రెండు అప్పటికే ఎండి నిలబడ్డాయి.

"పేడ వేశావా?" అన్నాను.

"నువ్వు వద్దన్నావుగా. వెయ్యలేదు."

"సున్నం? ఎరువు?"

"లేదన్నానుగా."

"ఏదో వేశావు జునేలీ. ఊరికే ఇలా పాలిపోవు. గురాస్‌కి పులుపు మట్టి కావాలి. ఎవరో దాన్ని చెడగొట్టారు."

"ఎవరో అంటే నేనా?" ఆమె లేచి నిలబడింది. "జబ్బు మొక్కలు నాకంటగట్టి, ఇప్పుడు నామీద తోస్తావా? మూడు వారాలు ఎక్కడికి పోయావు? రోజూ వేలు పెట్టి చూశాను. రోజూ. మా తమ్ముడి నుదురు పట్టుకుని చూసినట్టు చూశాను."

"నా మొక్కలకి జబ్బు లేదు."

"అయితే నా చేతికే ఉందిలే. వెళ్ళిపో. తనిఖీ అయిపోయింది."

వెళ్ళిపోయాను. నేను తక్కువవాణ్ణా, నాకూ రోషం వచ్చింది. దారంతా ఆమెనే తిట్టుకున్నాను. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పొయ్యి బూడిద దుంపల మడికే వెళ్తుంది, బూడిద పడితే దుంప ఊరుతుంది, గురాస్ మట్టిలో పులుపు మాత్రం విరిగిపోతుంది. అదే తెలివి గురాస్ మీద చూపించి, నా దగ్గర దాచిపెట్టిందనుకున్నాను. రెండు రాత్రులు ఇలాగే గడిచాయి. మూడో రోజు కళ్ళారా చూసి తేలుద్దామని తెల్లవారకముందే బయల్దేరాను.

నేను చేరేసరికి వెలుగొచ్చింది. నేలంతా తెల్లటి మంచు పేరుకుని ఉంది. తడిక వెనక నిలబడ్డాను. పాల క్యాను వీపున వేసుకుని జునేలీ డెయిరీ దారి పట్టడం చూశాను. ఆమె మలుపు తిరిగాక, ఇంట్లోంచి వాళ్ళమ్మ బయటికొచ్చింది. చేతిలో పాత ఇనప మూకుడు. దానిమీంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

ఆమె నెమ్మదిగా దిగింది, రెండుచోట్ల ఆగి రొప్పింది. మొదటి మొక్క దగ్గర కూర్చుని వేళ్ళతో మట్టి పక్కకి తీసి, గోరువెచ్చటి బూడిద గుప్పెడు పెట్టి, మళ్ళీ మట్టి కప్పింది. జారిన కొండ మట్టి ఎలాగూ బూడిదరంగే, అందుకే మా ఇద్దరికీ కనపడలేదు. ఆ మొక్క నుంచి పక్కదానికి వెళ్ళింది. చచ్చిపోయిన రెండింటినీ కూడా వదల్లేదు.

"చలేస్తోందా నాన్నా," అంటోంది. "అయిపోయింది. ఇదిగో. ఇంక పడుకో."

ఆమె వెళ్ళిపోయేదాకా తడికని పట్టుకుని ఏడ్చాను. మగాడు ఏడుస్తాడా అని అడిగేవాళ్ళు ఆ పొద్దున అక్కడ నిలబడి చూసుండాల్సింది.

పరిగెత్తి డెయిరీ దారిలోనే జునేలీని అందుకున్నాను. నన్ను చూసి మొహం తిప్పుకుంది. చెప్పాను. చెప్తున్నంతసేపూ క్యాను దించకుండా అలాగే నిలబడింది.

"దుంపల మడికి తీసుకెళ్తోందనుకున్నా," అంది చివరికి. "పొద్దున్నే లేచి పని చేస్తోంది, కోలుకుంటోందని సంతోషపడ్డా."

"నిన్నన్నాను. తప్పు నాది."

"అది వదిలెయ్. ఇప్పుడేం చెయ్యాలి? అమ్మకి ఏమని చెప్పను? నీ చేత్తోనే చంపావని చెప్పనా? ఆషాఢం తర్వాత ఆమె ఇష్టంగా చేస్తున్న పని అదొక్కటే ఐతరాజ్."

ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. అలాంటప్పుడు విన్నాను చూడండి, నా అదృష్టం.

"చెప్పకపోతే మిగతా తొమ్మిదీ పోతాయి," అన్నాను. "అవి పోతే ఆమె ఉప్పు ముట్టదు."

"నాకు తెలీదా అది?"

ఇద్దరం రాయి మీద కూర్చున్నాం. పాలు చల్లారిపోయాయి. అప్పుడు నాకొకటి తట్టింది. గొప్ప తెలివేం కాదు, నర్సరీలో రోజూ చేసే పనే.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికెళ్ళి అరుగు మీద వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మొక్కలకి చలేస్తోంది," అన్నాను.

ఆమె ఒక్కసారి నాకేసి తిరిగింది. "నీకూ అనిపించిందా?"

"అనిపించింది. నిప్పుల వేడి ఎంతసేపుంటుంది, గంటలో చల్లారిపోతుంది. దుప్పటి కప్పుదాం. పైన అడవిలో పాత గురాస్ చెట్ల కింద ఏళ్ళనాటి ఆకులున్నాయి. ఆ చెట్లు తమ వేర్లకి తామే కప్పుకుంటాయి. మనం కొంచెం అడిగి తెచ్చుకుందాం. మీరూ రావాలి, ఏ ఆకు మెత్తగా ఉందో మీకే తెలుస్తుంది."

ఆషాఢం తర్వాత ఆమె ఇల్లు దాటి అంత దూరం రావడం అదే. నేనూ జునేలీ చెరో పక్కా పట్టుకున్నాం. అడవిలో పెద్ద గురాస్ చెట్లు నాచు పట్టి, నీళ్ళు కారుతూ నిలబడి ఉన్నాయి. ఆమె వాటి కింద కూర్చుని ఒక్కో గుప్పెడూ చెంపకి ఆనించి చూసి బుట్టలో వేసింది. అడుగున నల్లగా పొడిపొడిగా మురిగిన ఆకుమట్టి నేను విడిగా గోతాంలో ఎత్తాను.

కిందికొచ్చాక మొక్క చుట్టూ జానెడు మేర పాత మట్టి తీసేసి, అడవి మట్టి పోశాం. ఆమె పైన ఆకులు పరిచింది. అరచెయ్యి మందాన, మెత్తగా.

"కాండానికి తగలనివ్వకండమ్మా. కొంచెం ఖాళీ వదలండి, లేకపోతే కుళ్ళుతుంది."

"మొహం మీద కప్పకూడదు. అంతేగా," అంది.

జునేలీ అటు తిరిగిపోయింది.

ఆరో మొక్క దగ్గర ఆమె చెయ్యి ఆగింది. నేను తీసి పక్కన పోసిన మట్టిలోకి వేళ్ళు పెట్టి, బూడిద పలుకు ఒకటి తీసి చూసింది.

"ఇది మంచిది కాదన్నమాట," అంది.

నేను తల వంచుకుని గోతాంలోంచి అడవి మట్టి తీశాను.

"చంపింది ఇదేగా, ఆ రెండింటినీ?"

"అమ్మా, నీకు తెలీదు కదా," జునేలీ వచ్చి పట్టుకుంది.

"వాడు పుట్టింది మాఘంలో," ఆమె నాతోనే చెప్పింది. "చలికి బిగుసుకుపోతాడని పొయ్యి పక్కనే పడుకోబెట్టా. వీపు కాలింది. చచ్చేదాకా ఆ మచ్చ అలాగే ఉంది. అది చూపించి నన్ను ఏడిపించేవాడు, అమ్మ ప్రేమ ఇంత వేడి అని." ఆ పలుకుని దూరంగా విసిరేసింది. "ఇంక మూకుడు తేనులే. ఆకులివ్వు."

ఆమె ఆ పూట ఏడ్చింది. ఆషాఢం నుంచి ఆమె కంట నీళ్ళు చూడలేదని జునేలీ తర్వాత చెప్పింది. మేం ఆపలేదు. ముగ్గురం చీకటి పడకముందే మిగతా మొక్కలకి కప్పేశాం.

పుష్యం, మాఘం చాలా ఘోరంగా గడిచాయి. ఒకరోజు జునేలీ నర్సరీకి పరిగెత్తుకొచ్చింది, ఆకులన్నీ చుట్టల్లా చుట్టుకుపోయి వేలాడుతున్నాయని. చలికి గురాస్ అలాగే ముడుచుకుంటుంది, ఎండొస్తే విప్పుకుంటుందని చెప్పాను. నమ్మకపోతే నేనూ వెళ్ళి ఎండొచ్చేదాకా పక్కన నిలబడ్డాను. మూడు విప్పుకున్నాయి. ఆరు విప్పుకోలేదు.

ఆ ఆరూ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. వాటిని తీసేద్దామంటే వాళ్ళమ్మ వద్దంది. ఆమె మరీ చిక్కిపోయింది. అరుగు మీద నుంచి లేవడానికే ఇద్దరు కావాల్సొచ్చేది.

"ఈ మూడూ పోతే?" అని ఒకరోజు జునేలీ అడిగింది.

"మళ్ళీ నాటుదాం."

"అమ్మ అంతదాకా ఉండదు."

చెయ్యి పట్టుకోవాలనిపించింది. మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఊరుకున్నాను.

చైత్రంలో కొండమీద పాత చెట్లు ఎర్రగా విరగబూశాయి. ఊరంతా పూలే. మా జారుడు వాలు మీద మాత్రం ఎండిన పుల్లల మధ్య మూడు మొక్కలు, ఒక్క చిగురూ లేకుండా. ఆ శనివారం వెళ్ళేసరికి జునేలీ తడిక పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది, గట్టిగా మాట్లాడితే పారిపోతుందన్నట్టు.

మధ్యలో మొక్కకి, కొమ్మ చివర, వడ్లగింజంత మొగ్గ విచ్చుకుని లేత ఆకులు రెండు. వెనకవైపు వెండిరంగు నూగుతో, తడిగా.

"పొద్దున లేదు," అంది. "ఒట్టు, పొద్దున లేదు."

వాళ్ళమ్మని బుట్టలో కూర్చోబెట్టి నా వీపు మీద మోసుకొచ్చాను. కొడుకు పట్టీయే నా నుదుటికి తగిలించింది జునేలీ. ఆమె బరువే లేదు. మొక్క ముందు దించితే వంగి చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"ఇక్కడే ఉన్నావన్నమాట," అంది. "సరే. పడుకో."

జునేలీ కొంగు ముడి విప్పింది. అందులో ఉడికించిన దుంప, కాగితంలో చిటికెడు ఉప్పు. ఆర్నెల్లుగా రోజూ ఆ ముడి కట్టుకునే తిరుగుతోందని నాకప్పుడు తెలిసింది. ఊరి పెద్దలెవరూ అక్కడ లేరు కాబట్టి కూతురే తల్లి నాలుక మీద ఉప్పు పెట్టింది. ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత దుంప అందుకుని, ఉప్పు అద్దుకుని నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది.

జునేలీ నా పక్కకొచ్చి నిలబడింది. సన్నగా జల్లు పడుతోంది. ఈసారి గొడుగు లేదు.

"ఇంతకీ మీది ఏ వంశం?" అంది, మొక్కకేసి చూస్తూ.

నర్సరీ గేటు మీద బోర్డులో నా పేరు, వంశం పేరు మూరెడు అక్షరాలతో రాసున్నాయి. మొక్కలకి వచ్చినప్పుడూ, చలికాలంలో పరిగెత్తుకొచ్చినప్పుడూ ఆమె ఆ గేటులోంచే వచ్చింది. అయినా అడిగింది.

"ఫాగో," అన్నాను.

"మాది నెంబాంగ్." చెయ్యి చాపింది. గోళ్ళనిండా మట్టి. "పదేళ్ళన్నావు, గుర్తుందా?"

"అవసరమైతే అన్నాను."

"అవసరమే."

పట్టుకున్నాను. చల్లగా, గరుకుగా ఉంది ఆ చెయ్యి.

"జునేలీ," వెనక నుంచి వాళ్ళమ్మ పిలిచింది. "ఆ కబుర్లు తర్వాత. ఉప్పు సరిపోలేదు, ఇంకాస్త పట్రా."

ఆమె నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం కలిసే ఇంటికెళ్ళి తెచ్చాం.